కొలతకు పంపిన జాకెట్లు

కుట్టుపని నేర్పే ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తుంటారు. పాఠం ఎలా చెప్పాలని ఎవరూ అడగరు. బ్యాచ్‌లో పిల్లలు మధ్యలో మానేయకుండా ఏం చేయాలని అడుగుతారు. నా దగ్గర మంత్రమేమీ లేదని చెబితే నమ్మరు. అందుకని జవాబుకు బదులు ఒక సంగతి చెబుతుంటాను. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక అంకె తప్పుతున్నానేమోనని అనుమానం వస్తోంది. అంకెలు తప్పితే నాకు నిద్ర పట్టదు. కాబట్టి రాసి పెడుతున్నాను.

నా సర్వీసు చివరి ఏళ్లలో మార్కాపురంలో ఒక శిక్షణ కేంద్రంలో పనిచేశాను. ఎరువుల దుకాణం పైన మేడ. పన్నెండు మిషన్లు. వాటిలో రెండు నా మాట తప్ప ఎవరి మాటా వినేవి కావు. మూడు నెలల కోర్సు. బడి మానేసినవాళ్లు, కూలికి పోయేవాళ్లు, పలకల ఫ్యాక్టరీలో పనిచేసి పని తగ్గిపోయి వచ్చినవాళ్లు చేరేవారు. హాజరుకు వేలిముద్ర మిషన్ పెట్టారు. రాయి చెక్కి చెక్కి వేళ్లు అరిగిన ఆడవాళ్లను అది గుర్తుపట్టేది కాదు. మనిషి ఎదురుగా కూర్చుని కాజా కుడుతుంటే ఆ మిషన్ లెక్కలో మాత్రం ఆమె రానట్టే. పై ఆఫీసుకు ప్రతి వారం ఫోన్ చేసి, వచ్చింది, వచ్చింది అని సాక్ష్యం చెప్పడం నా పనుల్లో ఒకటి.

ఊళ్లు తిరిగి పిల్లలను పోగుచేయడానికి ఒక ఉద్యోగి ఉండేవాడు. ముప్పై ఏళ్ల మనిషి, పాత బైకు, ఆగని నోరు. కొనకనమిట్లలో చెప్పింది దర్శిలో చెప్పేవాడు కాదు. ఒక ఊళ్లో మధ్యాహ్న భోజనం పెడతామనేవాడు, ఇంకో ఊళ్లో కోర్సు అయ్యాక మిషన్ ఊరికే ఇస్తామనేవాడు. వచ్చినవాళ్లు నన్ను అడిగేవారు. నేను అతన్ని పిలిచి నిలబెట్టేదాన్ని.

"మిషన్ ఇస్తామని ఎవరు చెప్పారయ్యా నీకు?"

"ఎవురూ చెప్పలేదు మేడం. ఆ ఊళ్లో కుక్కలు ఎంటబడినాయి. ఆ గాబరాలో ఏం చెప్పినానో నాకే తెలీదు."

నేను చెప్పే అమ్మాయి కూడా అతని బైకు హారన్ విని వచ్చినదే. కంభం దాటి అర్ధవీడు వైపు వెళ్లే దారిలో వాళ్ల ఊరు. ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. ఏటా సంక్రాంతి అయ్యాక అమ్మానాయనలతో కలిసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయేది. మూడు నెలలు తోటల పక్కన ప్లాస్టిక్ పట్టాల గుడిసెలో ఉండడం, వేసవిలో ఇంటికి రావడం. అలా ఐదేళ్లు. మా దగ్గర చేరినప్పుడు పంతొమ్మిది. మార్కాపురంలో పిన్నమ్మ ఇంట్లో ఉండి వచ్చేది.

మంచి చెయ్యి. ఊరికే పొగడను, నా దగ్గర నేర్చుకున్నవాళ్లకు ఆ సంగతి తెలుసు. గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు ఒక క్షణం ఊపిరి బిగబట్టేది. అలా బిగబట్టేవాళ్లు బట్ట పాడుచేయరు.

నవంబరు చివరి వారంలో ఒక రోజు భోజనం వేళ నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"మేడం, మా చర్చిలో పాట పాడే ఆడోళ్లు క్రిస్మస్‌కు అందరూ ఒకే రకం చీరలు తీసుకున్నారు. ఇరవై నాలుగు మంది. జాకెట్టు గుడ్డ కూడా ఒకటే తాను. నేను కుడతానని పాస్టరమ్మను అడిగినా. సరే అనింది."

"ఎప్పటికి కావాలి?"

"సెమీ క్రిస్మస్‌కు. వచ్చే నెల రెండో ఆదివారం."

లెక్క వేశాను. తోడు ముగ్గురిని పెట్టుకుంటే అయ్యే పనే. కానీ ఆ పిల్ల ముఖంలో ఆర్డరు దొరికిన సంతోషం లేదు. ఏమిటని అడిగితే చెప్పింది.

"ఈసారి నేను మిరపకాయలకు రానని చెప్పినా మేడం. కంభంలో ఒక అరుగు బాడుగకు తీసుకొని మిషన్ పెట్టుకుంటానన్నా. మా నాయన ఒప్పుకోలే. కూలి ముఠా మేస్త్రి ఇప్పుడే పేర్లు రాసుకుంటున్నాడు. 'ఈ జాకెట్లు కుట్టు. ఊరోళ్లు బాగుండాయంటే ఉండు. లేకపోతే మేస్త్రి ముందర నోరు మూసుకొని మాతో రా' అన్నాడు."

ఆ మాటతో అది నా ఆర్డరు కూడా అయిపోయింది.

కొత్త టీచర్లకు ఇక్కడ ఒక్క మాట. మన పుస్తకంలో మొదటి పాఠం టేపు పట్టడం. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి, చంక, ఇలా వరుస. పరీక్షకు వచ్చేవాళ్లు కూడా టేపు ఎలా పట్టారనే చూస్తారు. కానీ మన ఊళ్లలో ఏ ఆడమనిషీ టైలరు ముందు చేతులు ఎత్తి నిలబడదు. బాగా పట్టిన పాత జాకెట్టు ఒకటి కొలతకు పంపుతుంది, దాన్ని చూసి కొత్తది కుట్టాలి. నేను టేపు మనిషిని. వెళ్లి అందరినీ టేపుతో కొలుచుకుని రమ్మన్నాను. ఆదివారం ఊరికి పోయి సోమవారం ఒక పెద్ద మూటతో వచ్చింది.

"తెల్లారకముందే కూలికి పోతారు మేడం, పొద్దుగూకినాక వస్తారు. కొలిపించుకోడానికి సిగ్గంట. కొలత జాకెట్లు పంపినారు."

మూట విప్పాం. ఇరవై నాలుగు జాకెట్లు. ప్రతిదానికీ పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. ఒక్కటి కూడా రంగు వెలిసినది లేదు. కొన్నింటికి జరీ అంచు, కొన్నింటికి వెనకాల ముత్యాల తాళ్లు. ఒకటైతే పెళ్లికి కుట్టించినది, చేతుల నిండా మగ్గం పని. నేను వాటిని తిప్పి తిప్పి చూసి క్లాసు మొత్తానికి చెప్పాను.

"చూడండి, కూలి పనికి పోయేవాళ్లు కూడా బట్టలు ఎంత పదిలంగా ఉంచుకుంటారో."

ఊళ్లు తిరిగే ఉద్యోగి గుమ్మంలో నిలబడి తల ఊపాడు. "ఆ ఊరు బాగా డెవలప్ అయింది మేడం. నేను పోయినప్పుడే అనుకున్నా."

రెండు వారాలు ఆ మేడ మీద ముదురు గులాబీ రంగు తప్ప ఇంకేమీ కనిపించలేదు. నేలంతా గులాబీ పీలికలు, పిల్లల జడల్లో గులాబీ దారాలు. పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒకామె హుక్కులు కుడుతూ క్రిస్మస్ పాట అందుకునేది. ఆమె హిందువు, పాట సగమే వచ్చు. మిగతా సగం సొంతంగా కల్పించేది. ఈ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి పళ్లు బిగబట్టి కత్తిరించేది. ప్రతి జాకెట్టునూ కొలత జాకెట్టు మీద పరిచి పావు అంగుళం తేడా లేకుండా సరిచూశాను. ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాను. లోపలి కుట్టు దగ్గర రెండు పక్కలా అంగుళమున్నర బట్ట వదిలించాను. దుకాణాల్లో గుడ్డ మిగుల్చుకోవడానికి అంత వదలరు. ఆడమనిషి ఒళ్లు ఏటికేడు మారుతుంది, జాకెట్టు కూడా ఆమెతో పాటు మారగలగాలని నా పట్టు.

సెమీ క్రిస్మస్ ఆదివారం పొద్దున ఆటో కట్టించుకుని బయలుదేరాం. నేను, ఆ అమ్మాయి, తోడు కుట్టిన ముగ్గురు. మా ముందు బైకు మీద ఊళ్లు తిరిగే ఉద్యోగి. కొత్త జాకెట్టు, దాని కొలత జాకెట్టు కలిపి మడిచి, ఒక్కొక్కరి పేరుతో కట్టలు కట్టాం. చర్చి ముందు షామియానా వేస్తున్నారు. పక్క ఊళ్ల సంఘాల నుంచి మనుషులు పదకొండు గంటలకు వస్తారట. మేము చేరేసరికి ఎనిమిదిన్నర.

పాస్టరమ్మ ఇంట్లో ముందు గది ఆడవాళ్లకు ఖాళీ చేశారు. ఒక్కొక్కరూ కట్ట తీసుకుని తొడుక్కోవడం మొదలుపెట్టారు. మొదటి ఐదుగురికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఆరో ఆమె హుక్కులు పెట్టుకోబోయి ఆగిపోయింది. రెండు కొసల మధ్య జానెడు దూరం. ఏడో ఆమెకు భుజాలు జారి మోచేతుల దగ్గరకు వచ్చాయి. ఎనిమిదో ఆమె హుక్కులు విప్పకుండానే తల మీంచి దూర్చుకుంది, తల లోపల, చేతులు బయట.

"అమ్మాయ్, నన్ను పట్టి లాగండే, ఊపిరి ఆడటంలే!"

గది అంతా నవ్వు. ఆ పిల్ల ఒక్కతే నవ్వలేదు. సగానికి పైగా పట్టలేదు. నేను లెక్కపెట్టాను. పదకొండు సరిపోయాయి, పదమూడు సరిపోలేదు.

బయట అరుగు మీద వాళ్ల నాయన కూర్చుని ఉన్నాడు. పక్కన ముఠా మేస్త్రి. మాట లోపలికి వినపడింది.

"ఏంది మామా, నీ కూతురు కుట్టినవి దేవునికి కూడా పట్టేట్టు లేవంట. పేరు రాసుకోమంటావా?"

"రాసుకుందువులే. పండగ కానీ," అన్నాడు నాయన. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఆ పిల్ల గోడకు ఆనుకుని నేల చూస్తోంది. "మేడం, నేను కొలత తప్పలేదు. మీరు కూడా చూసినారు గదా."

నేను చూశాను. పావు అంగుళం తేడా లేదని నా కళ్లతో చూశాను. జాకెట్లు తప్పు కాకపోతే ఇంకేదో తప్పు. ఆరో ఆమె కట్టలో ఉన్న కొలత జాకెట్టు తీశాను. అదే పెళ్లి జాకెట్టు, మగ్గం పనిది. ఆమె భుజం మీద పెట్టి చూశాను. ఆమె శరీరంలో సగం కూడా రాలేదు.

"ఇది నీదేనా అమ్మా?"

ఆమె పాస్టరమ్మ వైపు చూసింది. పాస్టరమ్మ కిటికీ వైపు చూసింది. అప్పుడు గుమ్మంలోంచి ఒక గొంతు వినపడింది.

"అది నాది గదా! ఈడికెట్ల వచ్చింది?"

గొర్రెలు కాసే ఇంటి ఆడమనిషి. చర్చి మనిషి కాదు. భోజనాలకు పిలిస్తే వచ్చి, లోపల నవ్వులు విని తొంగి చూసింది. సన్నగా, రివటలా ఉంది.

"నాకు కావాల అని ఈ అత్త అడిగింది. పెట్టెలోంచి తీసిచ్చినా. పెండ్లికేమో అనుకున్నా."

అంతే, ఆరో ఆమె కొంగుతో ముఖం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఏం చేయమంటావమ్మా? టౌన్లో ఇరవై మంది ఆడపిల్లలు చూస్తారంట. నావి చూస్తే చంకలు చినిగి ఉండాయి. అట్లాంటిది ఎట్ల పంపేది?"

ఒకరు ఒప్పుకున్నాక మిగతావాళ్లు ఆగలేదు.

"నేను మా వదినది పంపినా."

"నాది నీకిచ్చినాక నాకేం మిగిలింది? నేను పిన్నమ్మది తీసుకున్నా!"

"అందుకా నా జాకెట్టు ఇయ్యకుండా రెండు వారాలు తిప్పినావు?"

నాకు నవ్వు ఆగలేదు. ఉద్యోగంలో చేరాక ట్రైనీల ముందు అంతగా నవ్వింది అదే మొదటిసారి అని ఆ ముగ్గురు అమ్మాయిలు ఇప్పటికీ చెబుతారు. నవ్వుతుండగానే సంగతి తట్టింది. అన్నీ ఒకే గుడ్డ, ఒకే రంగు. కాబట్టి పదమూడు జాకెట్లూ ఎవరో ఒకరికి సరిగ్గా సరిపోయేవే. కాకపోతే ఎవరి పేరు మీద ఉన్నాయో వాళ్లకు కాదు.

"అందరూ విప్పండి," అన్నాను. "కొలత జాకెట్టు నేను పైకెత్తి చూపిస్తా. ఎవరిదైతే వాళ్లు నోరు తెరిచి నాది అనాలి. ఈ కాసేపు సిగ్గు పక్కన పెట్టండి."

అది సంతలా మారింది. నేను ముత్యాల తాళ్ల జాకెట్టు ఎత్తితే "నాది!" అని వంటింట్లోంచి కేక. దాని కొలతతో కుట్టిన కొత్త జాకెట్టు ఆమెకు ఇచ్చాం, సరిపోయింది. వదినది వదినకు, పిన్నమ్మది పిన్నమ్మకు. అరువు తీసుకున్నవాళ్ల దగ్గర కూడా ఎవరో అరువు తీసుకున్నారు, కనుక జాకెట్లు గది చుట్టూ తిరిగి తిరిగి ఒంటికి చేరాయి. తొమ్మిది కుదిరాయి. గడియారం తొమ్మిదిన్నర దాటింది.

నాలుగు జాకెట్లు మిగిలాయి. వాటి కొలతలు పాటకు నిలబడేవాళ్లవి కావు, బయటివాళ్లవి. ఒకటి గొర్రెలామెది, ఒకటి అంగన్‌వాడీ టీచరుది, రెండు చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిపోయిన కోడళ్లవి. జాకెట్టు లేకుండా నలుగురు ఆడవాళ్లు గోడ వారన నిలబడ్డారు. వాళ్లను చూశాక నా నవ్వు తగ్గింది. ఆ నలుగురి జాకెట్టూ ఎవరూ అరువు అడగలేదు. అడగదగ్గ జాకెట్టు వాళ్ల పెట్టెలో లేదు. వాళ్లలో ఒకామె ఈ అమ్మాయి తల్లి.

"నువ్వు కూడానా అమ్మా?" అంది కూతురు. "నా ముందర కూడా సిగ్గా నీకు?"

"నీ ముందర కాదే. నీతో చదువుకునేవాళ్ల ముందర. నీ తల్లి చినిగింది కట్టుకుంటదని అనుకోరా?"

తోడు కుట్టిన ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆమె తన చెయ్యి పైకెత్తి చంక చూపించింది. మూడు చోట్ల మాసికలు. "చూడు పెద్దమ్మా. నేను ఇదే ఏసుకొని రోజూ మీ మేడం ముందర కూర్చుంటా."

ఆ తల్లి మాసికల వైపు చూసింది. తర్వాత చేతులు పక్కలకు ఎత్తి నిలబడింది.

ఆ అమ్మాయి మెడలోంచి టేపు తీసింది. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి, చంక. తల్లిని కొలిచింది. మిగతా ముగ్గురూ తమంతట తామే వరుసలో వచ్చారు. ఏ జాకెట్టు ఎవరికి దగ్గరగా ఉంటుందో నేను కంటితో చూసి జతలు కలిపాను. రెండింటికి పక్కలు లోపలికి పట్టాలి, చేత్తో కుట్టవచ్చు. మూడోది వదులు చేయాలి. అంగుళమున్నర బట్ట ఉందిగా, పాత కుట్టు విప్పి జరిపి కుడితే చాలు. నాలుగోది ఊరంతా జేజి అని పిలిచే పొడుగాటి, దిట్టమైన ముసలామెకు. ఆమెకు ఏదీ రాదు. మా సంచిలో మిగిలిన గులాబీ ముక్కలు ఉన్నాయి. చంక కింద ఒక ముక్క అతికించాలి.

నలుగురు అమ్మాయిలు నేల మీద కూర్చున్నారు. సూదులు పరుగెత్తాయి. ఊళ్లు తిరిగే ఉద్యోగిని బయట కాపలా పెట్టాను. అతను ఏం చేశాడో తర్వాత తెలిసింది. పక్క ఊరి సంఘం ట్రాక్టరు దిగగానే ఎదురెళ్లి, "లోపల ప్రత్యేక ప్రార్థన జరుగుతా ఉంది, కదిలించకూడదు" అని చెప్పి అందరికీ టీ పోయించాడు. అతను చెప్పిన అబద్ధాల్లో నేను క్షమించినది అదొక్కటే.

జేజి చంక కింద చివరి కుట్టు ముడి వేసి పళ్లతో దారం తెంపేసరికి పదకొండుకు ఇంకా కొంచెం ఉంది.

ఇరవై నాలుగు మంది నెమలికంఠం రంగు చీరల్లో, గులాబీ జాకెట్లలో రెండు వరుసలుగా చర్చిలోకి నడిచారు. పాట మొదటి చరణంలో చేతులు పైకెత్తాలి. నేను ఊపిరి బిగబట్టాను. ఇరవై నాలుగు జతల చేతులు లేచాయి. ఒక్క కుట్టు కూడా తెగలేదు.

ఆ అమ్మాయి నాయన తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. మేస్త్రి పక్కనే ఉన్నాడు.

"ఇందాక పట్టలేదన్నారు గదా?" అన్నాడు మేస్త్రి.

"అవి పట్టినాయి. మనుషులే మారినారు," అన్నాడు నాయన. మేస్త్రి వైపు తిరిగి, "నా పేరు, మా ఆడామె పేరు రాసుకో. పిల్లది రాదు," అన్నాడు.

గొర్రెలామె మాత్రం నన్ను వదల్లేదు. ఆటో ఎక్కేటప్పుడు కొంగు పట్టుకుంది. "నా కొలతతో కుట్టి నా ముందరే వేరే ఆమెకు ఇస్తారా? నాకూ అట్లాంటిది కావాల. గుడ్డ నేను తెస్తా." ఆ అమ్మాయి సొంతంగా తీసుకున్న మొదటి ఆర్డరు అది.

జనవరిలో ముఠా వెళ్లిపోయింది. అమ్మాయి కంభంలో అరుగు బాడుగకు తీసుకుంది, వారానికి రెండు రోజులు ఇంకా నా దగ్గరకు వచ్చి చుడీదారు కటింగ్ నేర్చుకునేది. ఫిబ్రవరిలో ఒక రోజు క్లాసు నడుస్తుండగా వాళ్ల నాయన మెట్లెక్కి వచ్చాడు. మిరప తోటల నుంచి నేరుగా బస్సు దిగాడు. చేతిలో మూట.

"తోటకాడ మా ముఠా ఆడోళ్లు కుట్టియ్యమన్నారు. ఏడు ఉండాయి," అని బల్ల మీద పెట్టి ముడి విప్పాడు.

మిరపకాయల ఘాటు గది అంతా కమ్ముకుంది. ముందు నేను తుమ్మాను. తర్వాత ముందు వరుస, ఆ తర్వాత మొత్తం బ్యాచ్. పన్నెండు మిషన్లూ ఆగిపోయాయి. ఆయన గాబరాపడి మూట మళ్లీ కట్టబోతే కూతురు తుమ్ముతూనే చెయ్యి అడ్డం పెట్టి పైనున్న జాకెట్టు తీసింది. రంగు వెలిసిపోయింది. ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. చంక దగ్గర చినిగి ఉంది. రెండోది తీసింది. అదీ అంతే. ఏడూ చూసింది.

"అన్నీ చినిగినవే నాయనా," అంది. కళ్ల నిండా నీళ్లు, అవి మిరప ఘాటువో ఇంకేవో నాకు తెలియదు.

"మరి? ఎవరివి వాళ్లవే," అన్నాడాయన. "మీ అమ్మ ఒక్కొక్కరిని తొడిగించి చూసినాకనే మూట కట్టింది."